తెగింది కాదు, తెంపారు

“తెగిపోయింది” అన్నాడు పక్క అరుగు మీదాయన. అని, నవ్వి, ఖాళీ దారాన్ని గిరగిరా రీలుకు చుట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం అది మూడోసారి. మూడు చేపలు. గెడ వంగిన తీరు చూస్తే ఒక్కొక్కటీ ఆరు కిలోలకు తక్కువ ఉండదు. మూడింటి పెదవుల్లోనూ కొక్కెం దిగబడి ఉంది. ఆ కొక్కేనికి ఎన్ని బారల దారం వేలాడుతోందో, దాని మీద బరువు ఉందో ఊడిందో ఆయనకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆత్రమూ లేదు. పెట్టెలోంచి ఇంకో కొక్కెం తీశాడు. అదే నాలుగు పౌండ్ల దారానికి కట్టి, పంటితో కొస కొరికి ఉమ్మేసి, మళ్ళీ నీళ్ళలోకి విసిరాడు.

మన భాషలో తెగడం వేరు, తెంపడం వేరు. పాత చెప్పు తెగుతుంది. కొమ్మ మీద పువ్వును మనం తెంపుతాం. ఇక్కడ దారాన్ని పౌండ్లలో లెక్కేస్తారు. ఆ పౌండ్లు డబ్బు కాదు, ఎంత బరువు పడితే తెగుతుందో చెప్పే లెక్క. నాలుగు పౌండ్లంటే కిలో ఎనిమిది వందల గ్రాములు. పది కిలోల చేపలు తిరిగే చెరువు ఇదని గేటు దగ్గర ఫొటోలు పెట్టి మరీ చెబుతుంటే, రెండు కిలోలు కూడా ఆపలేని దారాన్ని షాపులో ఏరుకుని, ఇంట్లో తీరిగ్గా చుట్టుకుని, కారులో పెట్టుకుని వచ్చిన మనిషి, తీరా చేప పరుగెత్తాక “తెగిపోయింది” అంటే నేను ఒప్పుకోను. ఆయన తెంపాడు. పొద్దున ఇంట్లో బయల్దేరేటప్పుడే తెంపేశాడు. చేప దాకా రావడమే ఆలస్యమైంది.

నేనుండేది ఇంగ్లండులో, కెనెట్ నది థేమ్స్‌లో కలిసే రెడింగ్ దగ్గర. ఈ లోయ పొడుగునా ఇళ్ళకీ రోడ్లకీ కంకర తవ్వుకున్న గుంతలు నీళ్ళు నిండి చెరువులయ్యాయి. వాటి గట్ల మీద గాలం వేస్తూ ఇరవై ఏళ్ళు గడిపాను. సాల్మన్, ట్రౌట్ లాంటివి పోగా మిగిలిన మంచినీటి చేపల్ని ఇక్కడ ‘కోర్స్ ఫిష్’ అంటారు. మోటు చేపలని అర్థం. దొరలు తినే చేపలు కొన్ని, మిగతావి మోటువి. రోచ్, బ్రీమ్, టెంచ్, బార్బెల్, పైక్, కార్ప్ అన్నీ ఆ లెక్కలోవే. పేరు పెట్టడంలోనే ఎంత మర్యాద దక్కిందో చూడండి. వీటిలో కార్ప్ మనకు కొత్తది కాదు. మన చెరువుల్లో బంగారుతీగ అని పిలుచుకునేది దీన్నే. ఇంత అందమైన పేరున్న చేపను ఇక్కడ మోటు చేపల జాబితాలో చూసినప్పుడు నాకు మొదట్లో గుండె చివుక్కుమంది.

కోనసీమలో మా ఇంటి వెనక పంటకాలవ ఉండేది. వెదురు గెడ, బెండు ముక్క, వానపాము, అంతే మా సరంజామా. గాలం కట్టడం నాకు నేర్పింది మా మావయ్య. ఒకసారి పాత దారం కట్టుకుని వెళ్ళి పెద్ద చేపను పోగొట్టుకుని ఏడుస్తూ ఇంటికొస్తే ఆయన నన్ను ఓదార్చలేదు. “చేప నీ కంచంలోకీ రాలేదు, కాలవలో సుఖంగానూ లేదు. రెంటికీ చెడ్డట్టే గదరా! దారం చూసుకోకుండా గాలం ఎందుకేశావ్?” అని కసిరాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ కసురు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇక్కడికొచ్చాక ఆ మాటలో ఉన్న లెక్క నాకు అర్థమైంది. మా ఊళ్ళో దారం తెగితే కూర పోయినట్టు. నష్టం మనిషికి కూడా తగిలేది కాబట్టి మనిషి జాగ్రత్తగా ఉండేవాడు. కడుపు కాపలా కాసేది. ఈ దేశంలో చేపను పట్టి, ఫొటో తీసుకుని, తూచి, తిరిగి నీళ్ళలో వదిలేస్తారు. కూర వండరు. వదిలేస్తారు కాబట్టి తాము దయగలవాళ్ళమని కూడా అనుకుంటారు. ఆ వదిలేయడంలోనే ఒక మోసం దాగుంది. దారం తెగినప్పుడు మనిషికి పోయేది ఏమీ లేదు, ఒక ఫొటో తప్ప. ఎలాగూ వదిలేసే చేపే కదా, కాస్త ముందే పోయిందనుకుంటాడు. నష్టమంతా చేపదే. దాని నష్టాన్ని లెక్కరాసే పద్దు ఎవరి దగ్గరా లేదు.

ఆ పద్దులో ఒక్క పుట నేను చూశాను. పోయిన ఏడాది ఆగస్టులో, గాలి అన్నది లేని సాయంత్రం, కలువ ఆకుల గుంపులో రెండు ఆకులు మాత్రం వణుకుతున్నాయి. నీటికోడి అనుకున్నాను. పావుగంట చూశాను. అదే చోట, అదే వణుకు, ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ. బూట్లు విప్పి ఛాతీ లోతు దాకా దిగాను. బంగారుతీగ. గాలపు దారం కలువ కాడలకు నాలుగు చుట్లు చుట్టుకుని ఉంది. చేపకు మిగిలిన దారం మూరెడు. ఆ మూరెడులోనే గుండ్రంగా తిరిగి తిరిగి, అడుగున బురదలో పళ్ళెమంత గుంట చేసింది. కొక్కెం కుడి పెదవి మూలన దిగింది. దారం లాగిన ప్రతిసారీ కోసుకుంటూ కోసుకుంటూ పెదవి చీలి బుగ్గ దాకా వచ్చింది. చీలిక అంచులు, చాలాసేపు నీళ్ళలో నానిన వేలికొసల్లా, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పొట్ట లోపలికి పోయింది. వీపు మీద ఎముక గట్టులా తేలింది. నా చెయ్యి తగిలినా బెదిరిపోలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. బంగారుతీగ గట్టు మీద అడుగు చప్పుడుకే పారిపోయే చేప.

దారం కత్తిరించాను. శ్రావణంతో కొక్కెం తీశాను. దారం మీద బరువు గుండు ముడివేసి బిగించి ఉంది, జారిపోయే వీలు లేకుండా. చేపను రెండు చేతుల మీదా నిటారుగా పట్టుకుని నిలబడ్డాను. మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఎంతసేపో తెలియదు, నా కాళ్ళు తిమ్మిరెక్కేదాకా. చివరికి తోక ఒకసారి ఊపి లోతుకి జారింది. బతికిందో లేదో నాకు తెలియదు.

ఆ దారాన్ని ఇంటికి తెచ్చాను. విదేశాల్లో ఉన్న ప్రతి తెలుగింట్లో సూట్‌కేసు తూచే చిన్న కొక్కెం తూకం ఒకటి ఉంటుంది కదా, ఇండియా నుంచి వచ్చేముందు ఆవకాయ సీసాలతో కుస్తీ పట్టేది. దారాన్ని దానికి కట్టి లాగాను. దారం మందం చూస్తే ఆరు పౌండ్లది, అంటే రెండు కిలోల ఏడు వందల గ్రాములు ఆపాలి. కిలో మూడు వందలు చూపించగానే ముడి దగ్గర పుటుక్కుమంది. మళ్ళీ కట్టాను, ఈసారి ముడిని ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించాను. రెండు కిలోల దగ్గర తెగింది. మూడోసారి, ముడి బాగానే ఉన్నా, మధ్యలో ఎక్కడో రాయికి ఒరుసుకున్న చోట తెగింది. అక్కడ గోటితో నిమిరితే గరుకు తెలుస్తోంది. కంటికి కనపడదు, గోటికి తెలుస్తుంది. ఆ పని చెయ్యడానికి అర నిమిషం చాలు. గాలం వేసేముందు చివరి రెండు బారల దారాన్ని గోళ్ళ మధ్య నుంచి లాగితే చాలు. ఆ మనిషి ఆ అర నిమిషం ఖర్చు పెట్టలేదు.

డబ్బా మీద రాసిన అంకె కొత్త దారానిది. ముడి లేని, గీత పడని, ఎండకు మాడని దారానిది. ముడి వేస్తే బలం తగ్గుతుంది. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి ఇంకా తగ్గుతుంది. ఏళ్ళ తరబడి కారు డిక్కీలో ఎండలో పడి ఉన్న నైలాన్ దారం పెళుసెక్కుతుంది. ఇవేవీ రహస్యాలు కావు. గెడకు ఎంత దారం నప్పుతుందో చెప్పడానికి ఇక్కడి వేటగాళ్ళ దగ్గర ఓ పాత కొండగుర్తు కూడా ఉంది. గెడ కొసను లంబకోణానికి వంచడానికి ఎన్ని పౌండ్లు కావాలో దాన్ని ఐదుతో హెచ్చించు, అదే దారం. రెండు పౌండ్ల గెడకు పది పౌండ్ల దారం. మూడో తరగతి ఎక్కం. దానికంటే మరీ సన్నం కడితే గెడ వంగకముందే దారం పోతుంది. బిర్రు గెడకు బలమైన దారం కట్టి మొరటుగా లాగితే దారం తెగదు గానీ పెదవి చిరుగుతుంది. కాబట్టి తాడంత దారం కట్టమని నేను అనడం లేదు. అరచేతిలో పట్టే రోచ్ చేపకు పది పౌండ్ల దారం, దానికి తగ్గ పెద్ద కొక్కెం కడితే అదీ పాపమే, దాని నోరంతా కలిసి ఆ కొక్కెమంత ఉండదు. దానికి రెండు మూడు పౌండ్లే న్యాయం. నాచూ కలువలూ ఉన్న చెరువులో బంగారుతీగకు పన్నెండు, పదిహేను. నదిలో రాళ్ళ మధ్య బార్బెల్‌కు పదికి తగ్గకూడదు. పైక్‌కైతే ఎంత లావు దారమైనా ఒట్టిదే, చివర ఉక్కు తీగ ఉండి తీరాలి. దాని నోరంతా వెనక్కి వాలిన పళ్ళు. నైలాన్‌ను పేలపిండిలా నమిలేస్తుంది. తీగ కట్టకుండా పైక్ కోసం గాలం వేసినవాడు, గొంతులో మూడు ముళ్ళ కొక్కేన్ని వదిలేసి పోవడానికి సిద్ధపడే వచ్చాడని అర్థం.

ఇంకొకటి ఉంది. ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకప్పుడు దారం తెగుతుంది, నిజమే. అందుకే తెగే చోటును కూడా ముందే నిర్ణయించుకోవాలి. కొక్కేనికి కట్టే జానెడు దారం, అసలు దారం కంటే ఒక మెట్టు తక్కువ బలంతో ఉంటే, తెగినా అక్కడే తెగుతుంది. చేప నోట్లో కొక్కెం ఒక్కటే మిగులుతుంది, దాని వెనక పది బారల దారం ఈడ్చుకుపోదు. ఎదురుముల్లు లేని నున్నటి కొక్కెమైతే కొన్నాళ్ళకు అదే జారిపోయే అవకాశమూ ఉంది. బరువు గుండు బిగించి కాక, లాగితే ఊడిపోయేలా తగిలించాలి. అది నాచులో ఇరుక్కుంటే చేపకు అదే ఉరిగుంజ. ఇంత చిన్న ఆలోచన. పిల్లాడికి చెప్పులు కొనేటప్పుడు కాలు కొలిచి చూస్తాం కదా, ఆపాటిది.

గట్టు మీద నేను ఈ మాట ఎత్తితే వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు. సన్నదారానికే చేప పడుతుందంటారు. నిజమే, తేటనీళ్ళలో లావు దారాన్ని చూసి చేప జంకుతుంది. పట్టుకోవడం వరకే నీ ఆశ అయితే ఆ మాట నీకు చాలు. పట్టింది ఒడ్డుకు రావాలి, కొక్కెం బయటికి రావాలి, చేప ప్రాణంతో వెనక్కి పోవాలి, ఇవన్నీ కూడా నీ పనే అనుకుంటే చాలదు. లావు దారానికి పడకపోతే ఆ రోజు చేప పట్టకుండా ఇంటికి పో. దానివల్ల ఎవరూ చావరు.

సన్నదారం చేపకు అవకాశం ఇస్తుందంటారు. ఇది వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఏమవకాశం? దవడలో ఇనుప ముల్లుతో, వెనక ఈడ్చుకునే దారంతో బతికే అవకాశమా? సన్నదారంతో పెద్ద చేపను ఆడిస్తే పోరాటం అరగంటైనా సాగుతుంది. మనిషికి అది పండగ, చేపకు కండరాలన్నీ విషమయ్యేదాకా పరుగు. బార్బెల్ మరీను. ఆ చేపకు లొంగడం తెలియదు. ఆఖరి శక్తి దాకా ఈడ్చి, వలలోకి వచ్చేసరికి అడ్డం తిరిగిపోతుంది. ఎండాకాలం వేడినీళ్ళలో ప్రాణవాయువు అసలే తక్కువ. దాన్ని ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, దానంతట అది తోక విదిలించేదాకా కాసుకోవాలి. ఫొటో కోసం పది నిమిషాలు గాలిలో ఎత్తి పట్టుకున్నవాళ్ళే, ఆ తర్వాత రెండు నిమిషాలు నీళ్ళలో పట్టుకోకుండా చెత్తబుట్టలోకి విసిరినట్టు విసరడం నేను కెనెట్ గట్టున కళ్ళారా చూశాను. అది పొట్ట పైకి చేసుకుని వంపు దాటి కొట్టుకుపోయింది. “ఈదుకుంటూ పోయింది చూశావా” అన్నాడు అతను.

కొక్కెం తుప్పుపట్టి ఊడిపోతుందిలే అంటారు. ఇప్పుడొచ్చే కొక్కేలను తుప్పు పట్టకుండా పూత పూసి అమ్ముతున్నారు, ఆ సంగతి డబ్బా మీద గొప్పగా రాసి మరీ.

చివరికి అందరూ చేరే మాట ఒకటుంది. “ఏముంది, చేపే కదా!”

ఎడింబరో దగ్గర రోస్లిన్ సంస్థలో లిన్ స్నెడన్, ఆమె సహచరులు 2003లో ట్రౌట్ చేపల మీద చేసిన పరిశోధన ప్రచురించారు. నొప్పిని పసిగట్టే నరాల కొసలు వాటి తలలో, పెదవుల దగ్గర ఉన్నాయని చూపించారు. పెదవిలోకి ఆమ్లం ఎక్కించిన చేపలు ఆ పెదవిని అడుగున కంకరకేసి రుద్దుకున్నాయి. మిగతా చేపలకంటే చాలాసేపు మేత ముట్టలేదు. అది మనం పడే బాధలాంటిది కాదని వాదించే శాస్త్రవేత్తలు ఉన్నారు, వాదించనీ. పంటి నొప్పి వచ్చిన పిల్లాడు బుగ్గను దిండుకేసి రుద్దుకోవడం చూసినవాడికి ఆ కంకర సంగతి విడమరిచి చెప్పాలా?

ఈ దేశానికి ఈ సంగతి తెలియక కాదు. 2022లో జంతువులకు అనుభూతి ఉందని చట్టం చేసుకున్నారు. వెన్నెముక ఉన్న ప్రతి జంతువూ అందులోకి వస్తుంది, చేపతో సహా. బాగుంది. 2006లో చేసిన జంతు సంక్షేమ చట్టం ఇంకా అమల్లో ఉంది. గాలం వేటలో మామూలుగా జరిగే దేనికీ ఆ చట్టం వర్తించదని అందులోనే రాసిపెట్టారు. కుక్కను ఇలా దారంతో చెట్టుకు కట్టి మూడు వారాలు వదిలేస్తే జైలు. చేపను కట్టేస్తే అది వేటలో మామూలు. అనుభూతి ఉందని ఒక చేత్తో రాసి, దాన్ని పట్టించుకోనక్కర్లేదని రాసిన కాగితాన్ని రెండో చేత్తో అలాగే పట్టుకున్నారు.

నిబంధనలు లేవా అంటే బోలెడున్నాయి. నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా మోటు చేపల వేట ఆపాలి. 1878లో మొదలైన కట్టుబాటది. పదమూడేళ్ళు నిండితే లైసెన్సు ఉండాలి. ఒక లైసెన్సుకు ఎన్ని గెడలో లెక్క ఉంది. చేపల్ని ఉంచే వలకు ముడులు ఉండకూడదు. బరువు గుండ్లు సీసంవి అయితే, 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల వరకు, 1987 నుంచి నిషేధం. దశాంశాలు చూడండి, ఎంత సూక్ష్మంగా కొలిచారో. ఎందుకంటే ఆ సీసం గుండ్లు మింగి థేమ్స్ మీద హంసలు మెడలు వాల్చి చచ్చిపోయాయి. హంస తెల్లగా ఉంటుంది, నీళ్ళ మీద ఉంటుంది, వంతెన మీదినుంచి పిల్లలకు కనిపిస్తుంది. జనం చూశారు, చట్టం వచ్చింది, హంసలు మళ్ళీ పెరిగాయి. మనసుపెడితే ఎంత పని జరుగుతుందో చెప్పడానికి అదే రుజువు. మరి ఏ చేపకు ఎంత దారం కట్టాలో మాత్రం ఆ నిబంధనల్లో ఒక్క ముక్క లేదు. అది చెరువు యజమానుల ఇష్టం, క్లబ్బుల ఇష్టం. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో పరీక్ష రాస్తే గానీ గాలం పట్టనివ్వరు. స్విట్జర్లాండ్‌లో 2009 నుంచి, తిరిగి వదిలేసే ఉద్దేశంతో చేపను పట్టడమే నిషేధం. ఇక్కడ ఫోనులో డబ్బు కడితే మూడు నిమిషాల్లో లైసెన్సు. దారం ముడి వెయ్యడం వచ్చా అని అడిగేవాడే లేడు.

ఐజాక్ వాల్టన్ 1653లో గాలం వేట మీద పుస్తకం రాసేనాటికి ఈ దేశంలో గుర్రపు తోక వెంట్రుకలు పేనుకుని దారం చేసుకునేవారు. తర్వాత పట్టుపురుగు పట్టుగ్రంథుల నుంచి లాగిన దారం. నైలాన్ వచ్చింది 1938 తర్వాతే. వాళ్ళ దారం తెగిందంటే సాకు ఉంది. ఇవాళ ఏ బలానికి ఆ బలం షాపులో వరసగా పేర్చి ఉంటుంది. పది పౌండ్ల దారానికీ నాలుగు పౌండ్ల దారానికీ ధరలో తేడా ఒక టీ ఖరీదు కూడా ఉండదు.

ఈ మోటు చేపల్లోనూ అదృష్టవంతులున్నాయి. పీటర్‌బరో దగ్గరి బ్లూబెల్ చెరువుల్లో బెన్సన్ అనే కార్ప్ ఉండేది. ఇరవై తొమ్మిది కిలోల దాకా పెరిగి, అరవై సార్లకు పైగా పట్టుబడిందని చెప్పుకునేవారు. 2009లో అది చచ్చిపోతే దేశమంతా పత్రికలు రాశాయి. పెద్దదైతే పేరు, పేరుంటే సంతాపం. కలువ కాడలకు కట్టుబడ్డ నా ఐదు కిలోల చేపకు పేరు లేదు.

మనవాళ్ళ సంగతీ చెప్పాలి. ఈమధ్య వారాంతాల్లో ఈ గట్ల మీద తెలుగు మాటలు వినపడుతున్నాయి. జూన్‌లో నలుగురు కుర్రాళ్ళు, చదువుకోవడానికి వచ్చినవాళ్ళు, అట్టపెట్టెలో గెడా రీలూ దారం అన్నీ కలిపి అమ్మే సెట్టు కొనుక్కొచ్చారు. “అంకుల్, దారం కూడా వాడే చుట్టిచ్చాడు” అన్నాడొకడు ముచ్చటపడుతూ. నేను చివరి బారెడు దారం తీసి చేతులకు చుట్టి లాగాను. శ్రమ లేకుండా తెగింది. నలుగురి మొహాలూ మాడిపోయాయి. నా సంచిలోని పన్నెండు పౌండ్ల దారం చుట్టించాను, ముడి తడపడం చూపించాను, చేపను పెట్టడానికి తడి పరుపు ఎందుకో చెప్పాను. అప్పటిదాకా గట్టు మీద కంకర మీదే పడుకోబెట్టి సెల్ఫీలు తీసుకున్నారట. “ఎవరూ చెప్పలేదు అంకుల్” అన్నాడు చిన్నవాడు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. తెలియక చేసినవాళ్ళు, చెప్పగానే దిద్దుకున్నారు. కార్ప్ చెరువుకేనని అడిగి మరీ ఆ దారాన్ని చుట్టి అమ్మినవాడికి తెలుసు. వాడికి అన్నీ తెలుసు.

చెరువు యజమానికీ తెలుసు. ఆ ఆగస్టు చేప తర్వాత ఆయన దగ్గరికి వెళ్ళాను. గేటు పక్కన పెద్ద బోర్డుంది. కుక్కల్ని వదలొద్దు, మంటలు వెయ్యొద్దు, కారు ఇక్కడ పెట్టొద్దు, చెత్త మీవెంట తీసుకెళ్ళండి, డబ్బు ముందే కట్టండి. పదకొండు నిబంధనలు, లెక్కపెట్టాను. పన్నెండోది రాయమన్నాను. పది పౌండ్లకు తక్కువ దారం వాడొద్దని ఒకే ఒక్క వాక్యం. రంగు డబ్బా, కుంచె నేనే తెస్తానన్నాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. “రూలు పెడితే సగంమంది పక్క చెరువుకి పోతారు. ఐనా ఎన్ని చేపలకని ఇలా అవుతుంది?” అన్నాడు. ఎన్నింటికో ఆయన ఎప్పుడూ లెక్కపెట్టలేదు. లెక్కపెడితే పన్నెండో వాక్యం రాయాల్సి వస్తుంది. ఏడాది గడిచింది. బోర్డు మీద పదకొండే ఉన్నాయి.

నిన్న బుధవారం సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. గెడ తీసుకెళ్ళలేదు, ఊరికే నడవడానికి. తూర్పు గట్టున, లోతెక్కువున్న వైపు, కలువల మధ్య ఆకులు వణుకుతున్నాయి. ఈసారి నీటికోడి అనుకోలేదు. దుర్భిణీ పెట్టి చూశాను. వీపు కనిపించింది, పెదవి నుంచి దారం కూడా, ఎండలో సన్నగా మెరుస్తూ. అక్కడ నాకు నిలువు లోతు దాటుతుంది, అడుగంతా బురద. రెండుసార్లు దిగబోయి వెనక్కి వచ్చాను. పొడుగు కర్రకు కత్తెర కట్టి చూశాను, అందలేదు. చెరువుకో పడవ ఉంది, గొలుసు వేసి తాళం పెట్టి ఉంటుంది. యజమానికి ఫోన్ చేశాను. ఊళ్ళో లేడట, తాళంచెవి తన దగ్గరే ఉందట, శనివారం వచ్చాక ఇస్తానన్నాడు.

ఇవాళ గురువారం.